బీరువా అంత సబ్‌వూఫర్ పెట్టె: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా డాబా మీద 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిని హోమ్ థియేటర్‌గా మారుస్తున్నాను. 18 అంగుళాల సబ్‌వూఫర్ డ్రైవర్ (లోతైన బేస్ మోగించే స్పీకర్) ఒకటి కొన్నాను. దానికి 120 లీటర్ల పెట్టె చాలని దుకాణంవారు అంటున్నారు. నేను మాత్రం 450 లీటర్ల పెట్టె కట్టి, పోర్టును (గాలి వచ్చిపోవడానికి పెట్టెలో పెట్టే పైపును) 16 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయాలనుకుంటున్నాను. ఇంట్లోవాళ్లు దాన్ని ధాన్యం గాదె అని ఎగతాళి చేస్తున్నారు. నా ఆలోచన సరైనదేనా?
– తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ఆలోచన సరైనదే. ఇంట్లోవాళ్ల మాటలోనూ అబద్ధం లేదు, అది గాదె అంతే ఉంటుంది. అంత పెద్దది ఎందుకు కావాలో లెక్కతో సహా తెలుసుకుంటే వారికి నచ్చజెప్పడం మీకు కొంత తేలిక కావచ్చు.

శబ్దం ఒక స్థాయి కిందికి దిగితే, అంటే పౌనఃపున్యం సగమైతే, అదే శబ్దపీడనం రాబట్టడానికి కోన్ (డ్రైవర్ ముందు భాగంలో ఊగే గరాటులాంటి పొర) నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. ఆరుబయట నేల మీద పెట్టిన, పోర్టు లేని మూసిన పెట్టె నుంచి ఒక మీటరు దూరంలో 105 డెసిబెల్‌లు రావాలంటే, 18 అంగుళాల కోన్ 32 హెర్ట్జ్ దగ్గర అటు 5.5, ఇటు 5.5 మిల్లీమీటర్లు కదిలితే సరిపోతుంది. 16 హెర్ట్జ్ దగ్గర అదే పని చేయాలంటే అటూ ఇటూ సుమారు 22 మిల్లీమీటర్ల చొప్పున ఊగాలి. అంత ఊపును తట్టుకోగల డ్రైవర్లు తక్కువ, ఉన్నా ఖరీదెక్కువ. పైగా మన చెవి ఈ లోతులో బాగా మొద్దు: 1000 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్‌ల శబ్దాన్ని పసిగట్టే చెవికి, 20 హెర్ట్జ్ దగ్గర 78 డెసిబెల్‌లు దాటితేగాని ఏదో ఉన్నట్టే తెలియదు. కాబట్టి లోతైన బేస్ కావాలనుకున్నవాడికి ‘కొంచెం’ అనే మాట పనికిరాదు.

ఇక్కడే పోర్టు ఆదుకుంటుంది. ఘటం వాయించే విద్వాంసుడు కుండ మూతిని పొట్టకు ఆనిస్తూ, దూరం జరుపుతూ మంద్రధ్వనిని మార్చడం మీరు చూసే ఉంటారు. కుండలోని గాలి స్ప్రింగులాగా, మూతి దగ్గరి గాలి ఆ స్ప్రింగుకు కట్టిన బరువులాగా పనిచేసి, రెండూ కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర అనునాదం చెందుతాయి. మీ పెట్టెలోనూ జరిగేది ఇదే. ట్యూనింగ్ పౌనఃపున్యం దగ్గర కోన్ దాదాపు కదలకుండా నిలిచిపోతుంది, పని అంతా పైపులోని గాలి చేస్తుంది. ఆ పౌనఃపున్యం తగ్గాలంటే స్ప్రింగు మెత్తబడాలి, లేదా బరువు పెరగాలి. మొదటిదానికి పెద్ద పెట్టె కావాలి, రెండోదానికి పొడవైన పైపు కావాలి.

మీరు చెప్పిన 450 లీటర్ల పెట్టెలో మురుగునీటికి వాడే ఆరంగుళాల పీవీసీ పైపులు రెండు పెట్టి 16 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయాలంటే ఒక్కొక్క పైపు సుమారు 83 సెంటీమీటర్లు ఉండాలి. అవే పైపులను 120 లీటర్ల పెట్టెలో పెట్టి అదే 16 హెర్ట్జ్ సాధించాలంటే ఒక్కొక్కటి మూడున్నర మీటర్లకు కాస్త తక్కువగా ఉండాలి. అంత పైపు ఆ పెట్టెలో పట్టదు. బయటికి తీసి వంచి పట్టించినా, ఆ పొడవులో పైపు తనంతట తాను 50 హెర్ట్జ్ పరిసరాల్లో వేణువులాగా మోగి బేస్‌ను పాడుచేస్తుంది. మీ 83 సెంటీమీటర్ల పైపు కూడా మోగుతుంది కాని అది 180 హెర్ట్జ్ దగ్గర. మీ క్రాసోవర్, అంటే సబ్‌వూఫర్‌కు వెళ్లే శబ్దానికి పై హద్దు, 80 హెర్ట్జ్ దగ్గర ఉంటే దానితో ఇబ్బంది లేదు.

అయితే నాలుగంగుళాల పైపు ఒకటి పెట్టుకుంటే పొడవు తగ్గుతుంది కదా అని మీరు అడగవచ్చు. తగ్గుతుంది. నేను కట్టిన మొదటి పెద్ద పెట్టెలో చేసిన తప్పు సరిగ్గా అదే. 16 హెర్ట్జ్ దగ్గర ఇంతకుముందు చెప్పిన 105 డెసిబెల్‌లు రావాలంటే ఆ ఒక్క నాలుగంగుళాల పైపులో గాలి సెకనుకు 32 మీటర్ల వేగంతో, అంటే గంటకు 115 కిలోమీటర్లతో ముందుకూ వెనక్కూ పరుగెత్తాలి. వాతావరణ శాఖ లెక్కలో అది తీవ్ర తుఫాను. నా పెట్టె నుంచి పేలుడు శబ్దానికి బదులు ‘హుఫ్, హుఫ్’మని కొలిమితిత్తి ఊదినట్టు వినిపించేది, పక్కన వేలాడే కిటికీ తెర లయబద్ధంగా ఎగిరేది. రెండు ఆరంగుళాల పైపుల్లో అదే గాలి సెకనుకు ఏడు మీటర్ల వేగంతో నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది. సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూసుకోవడం మంచిదని సాధారణంగా చెబుతారు, మీరు చాలా కింద ఉన్నారు.

మీ దుకాణంవారు చెప్పిన 120 లీటర్ల పెట్టెకు కూడా న్యాయం చేయాలి. దాన్ని 35 హెర్ట్జ్ ప్రాంతంలో ట్యూన్ చేస్తే బిగ్గరగా, చెవికి ఇంపుగానే మోగుతుంది. దానికింద మాత్రం ఒక్కో స్థాయికి 24 డెసిబెల్‌ల చొప్పున పడిపోతుంది. లోతు, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ శబ్దం, చిన్న పెట్టె అనే మూడింటిలో ఏ రెండైనా దక్కుతాయిగాని మూడూ దక్కవని అమెరికన్ ఇంజనీరు హాఫ్‌మన్ పేరిట ఒక నియమం ప్రచారంలో ఉంది. 1954లో ఎడ్గార్ విల్చర్ మూసిన చిన్న పెట్టెలో లోతైన బేస్ రప్పించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచినప్పుడు కూడా ఆ నియమం తప్పలేదు. ఆయన వదులుకున్నది సామర్థ్యాన్ని, అంటే తక్కువ విద్యుత్తుతో ఎక్కువ శబ్దాన్ని. ఆ తర్వాత 1961లో ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్, 1970ల తొలి ఏళ్లలో రిచర్డ్ స్మాల్ ఈ వ్యవహారాన్నంతా సమీకరణాల్లో పెట్టారు కాబట్టి మనం చెక్క కోయకముందే ఫలితం చూసుకోగలుగుతున్నాము. మీ డ్రైవర్‌తో వచ్చిన కాగితంలో ఎఫ్‌ఎస్ (డ్రైవర్ సహజ అనునాదం), క్యూటీఎస్ (ఆ అనునాదం ఎంత అదుపులో ఉంటుందో చెప్పేది), వీఏఎస్ (డ్రైవర్ స్ప్రింగుతో సమానమైన బిగువున్న గాలి పరిమాణం) అన్న అంకెలు ఉంటాయి. వాటిని విన్‌ఐఎస్‌డి వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చి, 450 లీటర్లు మీ డ్రైవర్‌కు నప్పుతుందో లేదో ముందుగా చూడండి. ఆ అంకెలు లేకుండా వాట్లు మాత్రమే ముద్రించిన డ్రైవర్ అయితే దానికోసం రెండు షీట్ల ప్లైవుడ్ ఖర్చు చేయమని నేను సలహా ఇవ్వను.

పెద్ద పెట్టెలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. లోపలి గాలి మెత్తటి స్ప్రింగు కాబట్టి కోన్‌ను పట్టి ఉంచే శక్తి దానికి తక్కువ. ట్యూనింగ్‌కు కింద, అంటే 16 హెర్ట్జ్ దిగువన, పోర్టు ఒక రంధ్రంలాగా మారిపోయి కోన్‌కు అడ్డే ఉండదు. వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) వెళ్లి డ్రైవర్ వెనక పలకకు కొట్టుకుంటుంది. ఆ ‘టక్’మనే శబ్దం ఒకసారి విన్నవారు మరిచిపోరు. అందుకని ఆంప్లిఫయర్‌లోగాని, విడిగా పెట్టే ప్రాసెసర్‌లోగాని 14 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (దానికింది శబ్దాన్ని ఆపేది) పెట్టకుండా వాల్యూమ్ పెంచవద్దు.

కొలతలకు వస్తే, పైపులు, డ్రైవర్, లోపలి ఆధారపు చెక్కలు ఆక్రమించే చోటు కలుపుకుని లోపల 525 లీటర్ల దాకా ఉండాలి. 70, 75, 100 సెంటీమీటర్ల లోపలి కొలతలు పెట్టుకుని, 100ను ఎత్తుగా ఉంచి, పైపులను పైపలక నుంచి కిందికి దింపితే వాటి అడుగుకూ పెట్టె అడుగుకూ మధ్య 17 సెంటీమీటర్లు మిగులుతాయి. పైపు వ్యాసానికి తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి కాబట్టి అది సరిపోతుంది. పైకి తెరిచిన పైపు మూతికి పెద్ద కన్నుల జాలీ తప్పనిసరి. అది లేకపోతే ఏదో ఒక రోజు బల్లి దిగుతుంది, దాన్ని బయటికి తీయడానికి మీరు డ్రైవర్ ఊడదీయాల్సి వస్తుంది. చెక్క మందం కలిపితే బయటి వెడల్పు 29 అంగుళాలు వస్తుంది. మీ గది తలుపు, దానికంటే ముఖ్యంగా డాబా మెట్ల మలుపు, ఈరోజే టేపుతో కొలవండి. డ్రైవర్‌తో కలిపి పెట్టె 90 కిలోలు దాటుతుంది కాబట్టి గదిలోనే కట్టడం అన్నిటికన్నా తెలివైన పని.

మీ గది గురించి ఒక మంచి మాట, ఒక హెచ్చరిక. ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు ఉన్న గది, తలుపులు గట్టిగా మూస్తే, 28 హెర్ట్జ్ కింద బేస్‌ను తానే పెంచిపెడుతుంది. తలుపు ఓరగా తెరిచినా ఆ లాభం చాలావరకు పోతుంది. హెచ్చరిక ఏమిటంటే, 20 అడుగుల పొడవుకు మొదటి అనునాదం ఆ 28 హెర్ట్జ్ దగ్గరే వస్తుంది, గది నిడివికి సరిగ్గా మధ్యలో దాని పీడనం శూన్యం. సోఫాను అక్కడ వేస్తే, 90 కిలోల పెట్టె కట్టి కూడా బేస్ ఎక్కడికి పోయిందని వెతుక్కోవాల్సి వస్తుంది.

ప్రశ్న: పెద్ద పెట్టెకు ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో ఒత్తి చేసిన పలక) మంచిదా, ప్లైవుడ్ మంచిదా? మా ఊరి వడ్రంగి ఇంతవరకు మంచాలు, తలుపులు తప్ప ఇలాంటివి చేయలేదు. అతనికి ఏమని చెప్పాలి?
– మచిలీపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ఊరిలో అయితే ప్లైవుడ్డే. శబ్దపరంగా 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌లో లోపం లేదు, ధర కూడా తక్కువ, కాని సముద్రపు గాలి తగిలే చోట కోసిన అంచుల నుంచి తేమ పీల్చి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ దిగదు. ఎండీఎఫ్ తప్పదనుకుంటే ప్రతి అంచుకూ నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత, ఆ పైన ప్రైమర్ రెండు పూతలు వేయించండి. అంచులోకి స్క్రూ దింపేముందు సన్నటి రంధ్రం వేయకపోతే పొరలుగా చీలుతుందనీ అతనికి చెప్పండి.

మంచాలు చేసే వడ్రంగి మీద అపనమ్మకం అక్కరలేదు; అతనికి కొత్తగా నేర్పాల్సినవి రెండే. మొదటిది, ఇది బరువు మోసే పెట్టె కాదు, గాలి ఆపే పెట్టె. మేకులు కొట్టి, కనబడిన సందుల్లో లప్పం పెట్టి సరిపెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. జోడింపు పొడవునా జిగురు పొంగి బయటికి రావాలి, అది ఆరేదాకా ఒత్తిడి ఉండాలి. నా దగ్గర సరిపడా క్లాంపులు లేని రోజుల్లో పెట్టెను పడుకోబెట్టి, దాని మీద పలక, పలక మీద పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు పేర్చి రాత్రంతా వదిలేశాను. తెల్లారి లోపలి వైపు జోడింపు వెంట వేలు పోనిచ్చి చూస్తే ఒక్క చోట కూడా సందు తగలలేదు.

రెండోది, పలకలు వణకకూడదు. అడ్డూ ఆపూ లేకుండా ఒక పలక 30 సెంటీమీటర్లకు మించి సాగకుండా, లోపల కిటికీ చట్రం లాంటి అడ్డపట్టీలు పెట్టించండి. మధ్యలో పెద్ద కన్నాలు ఉంటే గాలికి అడ్డం రావు. డ్రైవర్‌ను బిగించే ముందువైపు పలకను రెండు పొరలుగా చేయాలి. 20 కిలోల డ్రైవర్‌ను చెక్క స్క్రూలతో నిలబెట్టడం సరికాదు, వెనక నుంచి టీ-నట్లు (చెక్కలో దిగి నిలిచే నట్లు) దించి బోల్టులు వేయించండి.

పూర్తయ్యాక పరీక్ష ఇలా చేయండి. తక్కువ వాల్యూమ్‌లో 25 హెర్ట్జ్ ధ్వనిని ఆపకుండా మోగిస్తూ, వెలిగించిన అగరువత్తిని ప్రతి జోడింపు వెంట నెమ్మదిగా నడపండి. ఎక్కడ పొగ తీగ తెగి అటూ ఇటూ ఊగుతుందో అక్కడ గాలి కారుతున్నట్టు. తర్వాత కోన్ మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టి, పౌనఃపున్యాన్ని ఒక్కొక్క హెర్ట్జ్ చొప్పున కిందికి దించండి. చుక్క మొదట గీతలాగా సాగి కనిపిస్తుంది, ఒక చోటికి వచ్చేసరికి మళ్లీ చుక్కలాగా నిలబడుతుంది, ఇంకా దిగితే మళ్లీ సాగుతుంది. నిలబడిన చోటే మీ పెట్టె నిజమైన ట్యూనింగ్. పైపును లెక్కకన్నా రెండు సెంటీమీటర్లు పొడవుగా కోయించి ఉంచుకుంటే, అనుకున్నదానికన్నా కిందికి దిగినప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించుకోవచ్చు. ముందే పొట్టిగా కోసిన పైపును పొడిగించడం అంత శుభ్రంగా కుదరదు.

ప్రశ్న: పెళ్లిళ్లకు వాడే డీజే బాక్సుల్లోని 18 అంగుళాల డ్రైవర్లు నా దగ్గర రెండున్నాయి. వాటిని ఇంకా పెద్ద పెట్టెలో పెడితే ఇంట్లో 20 హెర్ట్జ్ వస్తుందా?
– నల్లగొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: రాదు. ఆ డ్రైవర్ల తేలికపాటి కోన్, దాన్ని పట్టి ఉంచే బిగువైన సస్పెన్షన్ 40 హెర్ట్జ్ పైన ఊరంతా వినిపించేలా కొట్టడానికి ఉద్దేశించినవి. వాటి సహజ అనునాదమే చాలావరకు 35 హెర్ట్జ్ పరిసరాల్లో ఉంటుంది. మూసిన పెట్టెలో పెడితే అనునాదం అంతకంటే పైకి పోతుందిగాని, పెట్టెను గది అంత చేసినా డ్రైవర్ సొంత అంకె కిందికి దిగదు. పోర్టు పెట్టి బలవంతంగా 20కి దించితే 40 నుంచి కిందికి వాలుగా జారిపోయే బలహీనమైన బేస్ వస్తుంది, కోన్ కదలికకు ఉన్న కొద్దిపాటి హద్దు కూడా త్వరగా దాటిపోతుంది. వాటిని అమ్మి, ఆ డబ్బుతో ఒక్క సరైన డ్రైవర్ కొనుక్కోండి.

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర సొంత ఇల్లు కొన్నాము. పెట్టె అసలు లేకుండా, డ్రైవర్లను సీలింగులో బిగించి పైనున్న ఆటిక్‌నే (సీలింగుకూ పైకప్పుకూ మధ్య ఉండే ఖాళీనే) పెట్టెగా వాడుకోవచ్చని మిత్రులు చెబుతున్నారు. ఇది మంచి పద్ధతేనా?
– టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: సొంత ఇల్లు, పైన ఎవరూ ఉండని ఆటిక్ రెండూ ఉన్నవారికి ఇంతకన్నా చవకైన లోతైన బేస్ లేదు. దీన్ని ఇన్ఫినిట్ బాఫిల్ అంటారు. కోన్ ముందు భాగం గదిలోకి, వెనక భాగం ఆటిక్‌లోకి గాలిని నెడతాయి. వెనక ఉన్న గాలి డ్రైవర్ల మొత్తం వీఏఎస్‌కు కనీసం నాలుగు రెట్లు, వీలైతే పది రెట్లు ఉంటే స్ప్రింగు లేనట్టే లెక్క. పోర్టు లేదు కాబట్టి హుఫ్‌మనే గాలి చప్పుడు ఉండదు. కోన్‌ను ఆదుకునేది కూడా ఏదీ ఉండదు కాబట్టి ఒక్క డ్రైవర్‌తో పని జరగదు, నాలుగు పెట్టండి.

డ్రైవర్లను నేరుగా సీలింగు పలకకు మాత్రం బిగించవద్దు. మీ ఇంటి సీలింగు అరంగుళం జిప్సం బోర్డు, అదే పెద్ద కోన్‌లాగా ఊగుతుంది. ఆటిక్‌లో దూలాల మీద నిలిచే గట్టి ప్లైవుడ్ డబ్బా ఒకటి చేయించి, దాని ఎదురెదురు గోడలకు రెండేసి డ్రైవర్లు బిగించి, డబ్బా నోరు ఒక్కటే గదిలోకి తెరుచుకునేలా చేయాలి. ఎదురెదురుగా ఉన్న కోన్‌లు ఒకేసారి లోపలికీ ఒకేసారి బయటికీ కదులుతాయి కాబట్టి ఒకదాని తోపును ఇంకొకటి రద్దుచేస్తుంది. డబ్బా మీద చెయ్యి వేసి చూస్తే గది దద్దరిల్లుతున్నా చెక్క స్థిరంగా ఉన్నట్టు తెలుస్తుంది. ఆటిక్‌లో పోసిన ఇన్సులేషన్ దూది కోన్‌ల మీద పడకుండా పలుచని గుడ్డ కట్టండి, ఆంప్లిఫయర్‌ను మాత్రం టెక్సస్ వేసవిలో పైన పెట్టవద్దు. మన ఊళ్లలోని చదును స్లాబు ఇళ్లకు ఆటిక్ లేకపోయినా, తలుపు బిగించిన మెట్ల కింది గదిని ఇదే పద్ధతిలో వాడుకోవచ్చు. మీ చెక్కగోడల ఇంటిలో లోతైన బేస్ గోడల గుండా కొంత బయటికి పోతుంది కాబట్టి, తణుకు పాఠకుడికి ఉచితంగా దొరికే గది లాభం మీకు అంతగా దొరకదు. మీరు నాలుగు డ్రైవర్లు పెట్టాలనడానికి అదీ ఒక కారణం.

ప్రశ్న: కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటాము. ఫోన్‌లోని యాప్‌తో కొలిస్తే సబ్‌వూఫర్ శబ్దం 50 డెసిబెల్‌లు కూడా దాటడం లేదు, అయినా కింది ఇంటివారు గొడవ పెడుతున్నారు. మేము 400 లీటర్ల పెట్టె కట్టాలనుకుంటున్న సమయంలోనే ఈ తగాదా వచ్చింది. ఏమి చేయాలి?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు యాప్‌ను నమ్మడం మానండి. అలాంటి మీటర్లు సాధారణంగా చెవి స్పందనను అనుకరించే ‘ఏ’ తూకంతో కొలుస్తాయి. ఆ తూకం 20 హెర్ట్జ్ దగ్గర 50 డెసిబెల్‌లు కోసి చూపిస్తుంది, అంటే గదిలో నిజంగా 100 ఉన్నా తెర మీద 50 కనబడుతుంది. ఫోన్ మైకు ఆ లోతును అసలు సరిగా పట్టదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పెట్టిన హద్దు కూడా ఆ తూకంలోనే ఉంది కాబట్టి, కాగితం మీద మీరు నెగ్గవచ్చు. కింద ఇంట్లో షోకేసు అద్దాలు, బీరువా తలుపు గిలగిలలాడుతున్నప్పుడు ఆ గెలుపుతో వారికి నిద్ర పట్టదు.

16 హెర్ట్జ్ తరంగం పొడవు 70 అడుగులు. గోడకు అంటించే ఫోమ్, తివాచీ, మందపు తెరలు దాన్ని ఏమీ చేయలేవు. పెట్టె కింద రబ్బరు దిమ్మెలు పెడితే చెక్క నుంచి నేలకు నేరుగా పోయే వణుకు కొంత తగ్గుతుంది, గాలి ద్వారా స్లాబును ఊపే శబ్దం అలాగే ఉంటుంది. పెద్ద పెట్టెలు కట్టమని ఈ శీర్షికలో తరచూ చెప్పే నేనే మీకు వద్దంటున్నాను. మూసిన చిన్న పెట్టె ఒకటి సోఫా వెనకాలే, మీకు చేతికందేంత దగ్గరగా పెట్టుకుంటే తక్కువ వాల్యూమ్‌లోనే మీకు సరిపడా వినిపిస్తుంది. దాన్ని 30 హెర్ట్జ్ దగ్గర ఫిల్టర్‌తో ఆపి, ఆ కింది భాగాన్ని సోఫా చట్రానికి బిగించే షేకర్‌కు (శబ్దానికి తగ్గట్టు సోఫాను వణికించే పరికరానికి) పంపండి. సోఫా కాళ్ల కింద మెత్తటి రబ్బరు వేయండి, లేకపోతే ఆ వణుకు కూడా కిందికే పోతుంది. అదంతా బిగించాక, వీలైతే ఒక సాయంత్రం కింది ఇంటివారి హాల్లో మీరే కూర్చుని, మీ ఇంట్లో ఎవరినైనా సినిమా పెట్టమని వినండి.